బొమ్మ బాగున్నది, మాట వినబడదు



క్రిందటి మాసమున ఈ శీర్షికయందు, ఇంటనే సెల్లుఫోనుతో వీడియోలు తీయు స్త్రీలకొఱకు వెలుతురునుగూర్చి నాలుగు మాటలు వ్రాసియుంటిమి. దానిపై వచ్చిన జాబులలో కోనసీమనుండి యొక సోదరి వ్రాసినది మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది. ఆమె ఊరగాయలు పట్టి అమ్ముకొని పిల్లలను చదివించుకొనుచున్నది. పట్టు విధానమును వీడియోలుగా తీసి యూట్యూబునందు ఉంచుచున్నది.

“క్రొత్త ఫోను కొంటిని. బొమ్మ అద్దమువలె వచ్చుచున్నది. ఆవపిండిలోని నలుసులను సైతము లెక్కింపవచ్చును. ఐనను చూచువారు రెండు నిమిషములు గడువకముందే విడిచిపోవుచున్నారు. మొన్న ఒకామె, మీరు చెప్పినట్లే పట్టితిని, నెల తిరుగకుండ జాడీయంతయు బూజు పట్టినది అని నన్ను నిందించినది. మూడు కిలోల ముక్కలకు ముప్పావు కిలో ఉప్పు అని నేను చెప్పితిని. ఆమె పావు కిలోయే వేసినదట. నా తప్పేమి?” అని ఆమె బాధ.

ఆ వీడియోను మేము తెప్పించుకొని పలుమాఱులు వింటిమి. తలపైన ఫ్యాను తిరుగుచున్నది. ప్రక్కగదిలో ఫ్రిజ్జు మూలుగుచున్నది. వీధిలో ఎవరో మోటారుసైకిలు ఆపక మాటలాడుచున్నారు. సరిగా ‘ముప్పావు’ అనుచోట గరిటె బేసిని అంచునకు తగిలి ఖంగుమన్నది. మొదటి అక్షరము ఆ మ్రోతలో మునిగి, ‘పావు’ మాత్రము మిగిలినది. ఉప్పు చాలని ఊరగాయ నిలువదని మీకు మేము చెప్పవలసిన పని లేదు. చెప్పిన ఆమె సరిగనే చెప్పినది, విన్న ఆమె వినబడినదే విన్నది. నేరమంతయు ఆఱడుగుల దూరమున ముక్కాలి స్టాండుపై నిలిచియున్న ఫోనుది.

వీడియో యనగానే మనకు కన్ను మాత్రమే జ్ఞప్తికి వచ్చును. కొనునప్పుడు కెమెరా ఎంత మంచిదని అడుగుదుము గాని, మైకు ఎట్టిదని అడుగువారిని మేము చూడలేదు. కాని ఈ వీడియోలను ఎవరు, ఎప్పుడు, ఏ స్థితిలో చూచుచున్నారో కొంచెము యోచింపుడు. చేత కత్తిపీట, ఎదుట పొయ్యి, ప్రక్కన అల్లరి చేయు పసివాడు. ఫోను గోడకు ఆనించియుండును. ఆ గృహిణి కన్ను వంకాయమీదనే గాని ఫోనుమీద ఉండదు. ఆమె వీడియోను చూచుట లేదు, వినుచున్నది. బొమ్మ కొంచెము మసకబారినను ఆమెకు నష్టము లేదు. మాట తడబడినచో ఆమెకు ఆ వీడియోయే లేదు. కంటిచూపు లేని సోదరీమణులును, చూపు మందగించిన వృద్ధులును కూడ వినువారిలో నున్నారని మఱవరాదు.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 2018లో ఆస్ట్రేలియాదేశపు జాతీయ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎరిన్ న్యూమన్ అను విదుషియు, అమెరికాలోని నార్బర్ట్ ష్వార్ట్జ్ అను పండితుడును ఒక పరీక్ష గావించిరి. శాస్త్రజ్ఞుల ఉపన్యాసముల వీడియోలను కొందఱకు మంచి ధ్వనితోను, మఱి కొందఱకు అవే ఉపన్యాసములను చెడిన ధ్వనితోను వినిపించిరి. బొమ్మ అదే, మాటలు అవే. ఐనను ధ్వని చెడినప్పుడు విన్నవారు ఆ ఉపన్యాసము బాగులేదనియు, ఆ విషయము అంత ముఖ్యము కాదనియు, తుదకు ఆ ఉపన్యాసకుడు అంత తెలివిగలవాడు కాడనియు తలచిరట! మైకు దోషము మనిషికి అంటుకొన్నది. ఇంటినుండి ఫోనులో ఉద్యోగపు పరీక్షలకు కూర్చుండు మన ఆడపిల్లలకును, పాఠములు చెప్పు ఉపాధ్యాయినులకును ఈ సంగతి తెలిసియుండవలయును. ఇంతటి అన్యాయము నలుబది రూపాయల గుడ్డముక్కతో కొంత నివారింపబడునని ముందు చెప్పబోవుచున్నాము.

మన దేశమున చిత్రములకు మాటలు వచ్చిన తొలిదినములలో ధ్వనికొఱకు ఎంత పాటుపడిరో చూడుడు. మన మొదటి టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14వ తేదీన ముంబయిలో మెజెస్టిక్ సినిమాశాలయందు విడుదలయైనది. దానిని తీసిన అర్దేషిర్ ఇరానీగారి స్టూడియో రైలుపట్టాల సమీపమున ఉండెను. పగలు రైళ్ల మ్రోత చెవులు గింగుర్లెత్తించును. అందుచేత రైళ్లు ఆగిన నడిరేయి వేళలందు నటీనటులను మేల్కొలిపి చిత్రము తీసిరి. మైకులను కెమెరా కంటబడకుండ అక్కడక్కడ దాచిరి. వాద్యములు వాయించువారును బొమ్మలో పడకుండ మఱుగుననే కూర్చుండిరి. తాళము తప్పినను, ఎవరైన దగ్గినను, అంతయు మొదటినుండి తీయవలసినదే. మఱుసటి యేడు 1932లో వచ్చిన మన తెలుగు ‘భక్తప్రహ్లాద’ను హెచ్. ఎం. రెడ్డిగారు ముంబయిలోనే తీసిరి. అందు లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయిగారు నాటకరంగమున పెరిగిన నటి. నేపథ్యగానము అప్పటికి లేదు. తన పాట తాను పాడుకొనవలసినదే. ‘ఆలం ఆరా’ ప్రతి ఒక్కటియు నేడు మిగిలియుండలేదు. ఆ నడిరేయి శ్రమకు గుర్తుగా కొన్ని నిశ్చలచిత్రములు మాత్రమే నిలిచినవి. బొమ్మలు మిగిలి, గొంతులు పోయినవి.

వారు నడిరేయి మేల్కొనిరి గదా, మనము ఫ్యానైనను కట్టివేయలేమా?

“మాకు ఆ ఫ్యాను మ్రోత వినబడనే వినబడదే, ఫోనునకు ఎట్లు వినబడినది?” అని కొందఱు అడుగవచ్చును. ఇందొక చిత్రమున్నది. పెండ్లియింట నూఱుమంది ఒక్కసారి మాటలాడుచుండగా మన బిడ్డ “అమ్మా” అన్నచో మనకు వినబడును. తక్కిన మాటలను మన మనస్సు ప్రక్కకు త్రోసివేయును. ఈ శక్తిని కోలిన్ చెర్రీ అను శాస్త్రజ్ఞుడు 1953లో ప్రకటించిన ప్రయోగములలో పరిశీలించెను. రెండు చెవులకు ధ్వని చేరుటలోని భేదమును బట్టి మనకు దిక్కు తెలియును, దిక్కును బట్టి ఏఱుకొందుము. మైకునకు మనస్సు లేదు. బిడ్డ పిలుపును ఫ్యాను రొదను సమముగా గ్రహించి, రెండింటిని కలగలిపి మనకు అప్పగించును. కలిసిన పాలు నీళ్లవలె వానిని మరల విడదీయుట కష్టము. కావున తీయబోవుటకు ముందు ఒక్క నిమిషము కన్నులు మూసికొని నిలుచుండి, ఇంటిలో ఏమేమి మ్రోగుచున్నవో వినుడు. మీరు పదియేండ్లుగా కాపురముండియు ఎన్నడును వినని మ్రోతలు నాలుగైదు వినబడును. ఫ్రిజ్జును అఱగంట ఆపినచో పాలు విఱిగిపోవు. మరల వేయుటను మఱవకుండ తాళముచెవులను ఫ్రిజ్జులోనే పెట్టువారు కలరు. ఆ యుపాయము మాకు నచ్చినది.

ఇక దూరము సంగతి. ఆరుబయట, మాటలాడువారినుండి మైకు రెండింతల దూరమునకు జరిగినచో దానికి చేరు ధ్వనిశక్తి సగము కాదు, నాలుగవ వంతు అగును. నాలుగింతలు జరిగినచో పదునాఱవ వంతు. జానెడు దూరముననున్న మైకును ఆఱడుగులకు జరిపినచో అది ఎనిమిదింతలు. చేరునది అఱువదినాలుగవ వంతు! గదిలోపల మఱియొక చిక్కు. మీ గొంతునుండి తిన్నగా వచ్చు ధ్వని ఈ లెక్కన తగ్గిపోవుచుండగా, గోడలకు తగిలి మరలివచ్చు ప్రతిధ్వని గదియంతటను ఇంచుమించు ఒకే తీరుగ ఉండును. దగ్గఱ మీ మాటదే పైచేయి. దూరమున గోడలదే పైచేయి. ఫోను దూరముననుండ మీ మాట నూతిలోనుండి వచ్చినట్లు వినబడుటకు కారణమిదియే. గట్టిగా అఱచినను ప్రయోజనము లేదు. గోడలును మీతోపాటు గట్టిగా అఱచును.

మన తెలుగునకు ఈ ప్రతిధ్వని మఱింత హాని. హ్రస్వమునకు దీర్ఘమునకు మన భాషలో అర్థమే మాఱును గదా. ‘అర’ చెంచా పసుపు, ‘ఆఱు’ చెంచాల నూనె అని చెప్పినప్పుడు అచ్చు నిడివి గోడలలో సాగిపోయినచో వినువారు ఏమి చేయుదురు? స, శ, ష వంటి అక్షరముల సన్నని ధ్వనులు మొదట చెడిపోవును. అవి చెడినప్పుడు మాట వినబడినట్లే యుండి బోధపడదు. మన అమ్మమ్మల నాటి మట్టిగోడలు, తాటాకు కప్పులు, గడ్డిచాపలు మ్రోతను మ్రింగివేయుచుండెను. నేటి నునుపురాతి గచ్చులు, పింగాణి పలకల గోడలు, గాజు కిటికీలు దేనిని మ్రింగవు. తుడుచుటకు సుఖము, వినుటకు కష్టము.

దీనికి మందు కనుగొన్న కథ ఆడువారికి నచ్చునట్టిది. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫాగ్ మ్యూజియము ఉపన్యాసశాల క్రొత్తగా కట్టిరి. ఎంతో అందమైనది; కాని అందు ఎవ్వరు చెప్పినను ఎవ్వరికిని బోధపడదు. ఒక్కమాట పలికినచో అది ఐదు సెకండులకు పైగా మ్రోగుచునే యుండెను. ఐదు సెకండులలో మనము పదునైదు మాటలు పలుకుదుము. అవన్నియు ఒకదానిపై నొకటి పడినచో గతియేమి? వాలెస్ సబీన్ అను యువకుడైన అధ్యాపకునికి ఆ చిక్కు అప్పగించిరి. అతడు రాత్రులందు నగరము సద్దుమణిగిన తరువాత ప్రక్కనున్న సాండర్సు నాటకశాలనుండి కూర్చుండు మెత్తలను మోయించుకొని వచ్చి, ఆ గదిలో కొన్ని కొన్నిగా పఱచి, మ్రోత ఎంతసేపు నిలుచునో కొలిచి, తెల్లవారకముందే మరల మెత్తలను చేర్చివేయుచుండెను. మెత్తలు పెరిగినకొలది మ్రోత తగ్గినది. అటులనే లెక్క తేలినది. ఆ లెక్కను బట్టియే బోస్టను నగరపు సింఫనీ హాలు కట్టబడి 1900లో తెఱువబడినది. ప్రపంచమున సంగీతము వినుటకు మిక్కిలి అనువైన శాలలలో అది యొకటిగా నేటికిని ఎన్నబడుచున్నది.

సబీనుగారు రాత్రివేళ మోయించిన మెత్తలు మన యిండ్లలో పగలే కలవు. పరుపు, బొంత, దుప్పటి, మందపు తెర, చాప, ఇవి చాలును. మాటలాడు వీడియో తీయునప్పుడు పరుపున్న గదిలో కూర్చుండుడు. ఎదుటి గోడకు, అనగా మీ మాట పోయి తగులు గోడకు, రెండు బొంతలు వ్రేలాడదీయుడు. క్రింద చాప పఱువుడు. అవి బొమ్మలో పడవు, మాటలో మాత్రము తెలియును. చీరల బీరువా తలుపులు తెఱచి దానికి అభిముఖముగా కూర్చుండి చదివినచో గొంతు ఎంత శుభ్రముగా వచ్చునో ఒకసారి పరీక్షించి చూడుడు. నిండిన బీరువాకు ఇంతకన్న మంచి సమర్థన మాకు తెలియదు.

వంటయింట ఇవి కుదురవు. గచ్చు, రాతిబల్ల, గిన్నెలు, కుక్కరు ఈల, పొయ్యిమంట: ఇన్నింటి నడుమ బొంతలు కట్టుట ప్రమాదము కూడను. అచ్చట మైకును దగ్గఱకు తెచ్చుటయే శరణ్యము. దుస్తులకు తగిలించుకొను చిన్న మైకులు నేడు కొన్ని వందల రూపాయలకే దొరకుచున్నవి. అది లేనిచో ఇంటిలోని రెండవ ఫోనును మాటలు పట్టుటకు వాడవచ్చును. దానిలో ధ్వని మాత్రము రికార్డు చేయు ఏర్పాటును నడిపించి, బొమ్మలో పడకుండ మీకు జానెడు మూరెడు దూరమున, ఏ డబ్బా వెనుకనో నిలువబెట్టుడు. ఫోను మైకు సాధారణముగా అడుగుభాగమున, చార్జింగు తీగ దూర్చు రంధ్రము ప్రక్కన ఉండును. ఆ అంచును మీ వైపునకు త్రిప్పుడు. చేతితోగాని తొడుగుతోగాని దానిని మూయకుడు. రెండు ఫోనులును నడచుచుండగా కెమెరా ఎదుట ఒక్క చప్పట్టు కొట్టుడు. తరువాత కూర్చునప్పుడు చేతులు కలిసిన బొమ్మకు చప్పట్టు వినబడిన క్షణమును సరిపెట్టినచో పెదవులకు మాటలు అతుకును. సినిమావారు పలక కొట్టుటలోని రహస్యమిదియే.

మగవారు వ్రాసిన పుస్తకములలో చొక్కా కాలరునకు మైకు తగిలింపుమని యుండును. మనకు కాలరు లేదు. పైట కుచ్చెళ్లను పిన్నుతో కుదుర్చుకొను భుజమువద్ద తగిలించినచో మైకు ఒక ప్రక్కకు పోయి, తల త్రిప్పినప్పుడెల్ల మాట హెచ్చుతగ్గులగును. గడ్డమునకు జానెడు క్రిందుగా, రొమ్ము నడుమ, రవిక అంచునకు తగిలించుట మేలు. పట్టుచీర గరగరలాడును, గంజిపెట్టిన నేతచీర అంతకన్న గరగరలాడును. మెత్తని నూలుచీర ఉత్తమము. నల్లపూసలు, సూత్రములు మైకునకు తగులకుండ లోపలికి వేసికొనుడు. బుట్టలు మెడకు తగిలి మ్రోగునవి ఆనాటికి తీసివేయుడు. గాజుల విషయమున మేము ఆజ్ఞ చేయము. పిండి కలుపునప్పుడు గాజుల గలగల కొందఱకు కర్ణపేయము. కొలతలు చెప్పునప్పుడు మాత్రము చేతులు కదలింపకుడు.

నోటికి తిన్నగా ఎదుట మైకు పెట్టినచో ‘ప’, ‘భ’, ‘ఫ’ అనునప్పుడు గాలి తగిలి ధబధబమనును. కొంచెము ప్రక్కకు జరుపుడు. పలుచని దూదిబట్టయో స్పాంజి టోపియో తొడుగుడు. మేము పైన చెప్పిన నలుబది రూపాయల గుడ్డముక్క యిదియే. డాబామీద, తోటలో తీయునప్పుడు ఇది లేనిదే గాలి హోరు తప్ప ఏదియు మిగులదు.

ధ్వని మితిమీఱుట గొప్ప దోషము. గట్టిగా వినబడవలెనని మోతాదు హెచ్చించినచో శిఖరములు విఱిగి కరకరలాడును. అట్లు విఱిగినదానిని పూర్వస్థితికి తెచ్చుట యంత్రములకును దుర్లభము. తక్కువగా పట్టినదానిని తరువాత పెంచుకొనవచ్చును. ఉప్పు తక్కువైన పప్పునకు ఉప్పు చేర్చినట్లు. మ్రోతను తీసివేయు సాధనములు నేడు ఫోనులలోనే కలవు. అవి ఎంతో మేలుపడినవి కూడను. ఐనను మ్రోతతోపాటు మాటలోని సన్నని అంచులనుగూడ గీకివేసి, మనిషి నీటిలో మునిగి పలుకుచున్నట్లు చేయుట కలదు. ఇంకొక చిన్న పని: తీయుట ముగిసిన పిమ్మట ఎవరును మాటలాడక, గది నిశ్శబ్దమును అఱనిమిషము పట్టియుంచుడు. మధ్య దగ్గును కత్తిరించినచోట ఆ నిశ్శబ్దమును అతికినచో అతుకు తెలియదు. ఉత్త శూన్యమును పెట్టినచో తటాలున చెవి మూసినట్లుండును.

వెనుక సంగీతము పెట్టుటలో మన సోదరీమణులకు మోజు హెచ్చు. వీణయో వేణువో సన్నగా ఉన్నచో తప్పులేదు. సాహిత్యముగల పాటను మాటల వెనుక పెట్టుట మాత్రము ఒకే చెవిలో ఇద్దఱు మాటలాడుటయే. పైగా పరుల పాటలకు హక్కుదారులుందురు. పోపు చిటపటలకన్న మంచి సంగీతము వంటవీడియోకు వేఱే ఏల? ఆ చిటపటను మైకును దగ్గఱపెట్టి ప్రత్యేకముగా పట్టి, తగినచోట చేర్పుడు. హాలీవుడ్డులో జాక్ ఫోలీ అనువాడు అడుగుల చప్పుడు, చీరచెఱగువంటి దుస్తుల సవ్వడి బొమ్మను చూచుచు తానే చేసి చేర్చెడివాడు. ఆ విద్యకు నేటికిని అతని పేరే.

అన్నింటికన్న ముఖ్యము, పది సెకండులు తీసి, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని విని, తరువాతనే మిగిలినది తీయుట. వంటలో ఉప్పు చూచుట వంటిది. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు, ఐనను పదిమందిలో ఒక్కరైనను చేయరు.

ఇప్పుడు మా మనస్సున చాలకాలముగా నున్న ఒక మాట. మా బంధువులలో ఒక పెండ్లి జరిగినది. పెండ్లికూతురి నాయనమ్మకు ఎనుబది దాటినవి. తలంబ్రాలవేళ ఆమె కూర్చున్నచోటనే ఒక పాత పాట ఎత్తుకొన్నది. ఆ పాట ఆ యింటి ఆడువారికి తప్ప ఎవరికిని రాదు. పందిరి ఒక్కసారి సద్దుమణిగినది. వీడియో తీయువారు నాలుగు కెమెరాలు, ఒక ఎగిరెడు యంత్రమును తెచ్చియుండిరి. రెండు నెలలకు వీడియో వచ్చినది. ముత్యాల తలంబ్రాలు మెల్లమెల్లగా జాఱుచుండగా, వెనుక ఒక సినిమాపాట! నాయనమ్మ పెదవులు కదలుచున్నవి, మాట లేదు. మంత్రములును లేవు. అసలు ధ్వని యేదని అడుగగా, “అందఱు సినిమాపాటలే కోరుదురు గదా, ఉన్న ధ్వనిని తీసివేసితిమి” అని సమాధానము. ఆ సంవత్సరాంతమునకు ఆమె కాలము చేసినది. ఆ యింటివారు నేటికిని ఆ పెదవులను చూచి పదములను ఊహించుకొనుచున్నారు.

కావున వీడియోవారికి బయానా ఇచ్చునప్పుడే, పాటలు చేర్చిన ప్రతితోపాటు అసలు ధ్వనిగల ప్రతియు ఇయ్యవలెనని వ్రాయించుకొనుడు. పురోహితుని దగ్గఱ ఒకటి, పేరంటాండ్ర దగ్గఱ ఒకటి, రెండు చిన్న మైకులను పెట్టుమనుడు. వారు నవ్వినచో నవ్వనిండు.

మీ యింట పాటలు, కథలు, పొడుపుకథలు తెలిసిన పెద్దలున్నచో పెండ్లి వఱకు ఆగనేల? మధ్యాహ్నము భోజనములైన పిమ్మట, ఫ్యాను ఆపి, పరుపున్న గదిలో కూర్చుండబెట్టి, ఫోనును జానెడు దూరమున దిండుమీద ఉంచి పాడుమనుడు. బొమ్మ తీయకున్నను సరే. కెమెరా లేనిచో వారు సిగ్గుపడరు. పండ్లు లేని నోట మాట స్పష్టముగా రాకున్న, పాడిన పిమ్మట చరణములను వచనముగా చెప్పించుడు. మధ్యలో “ఆహా” అని మీరు అడ్డురాకుడు, తల ఊపుడు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను రికార్డులకు పాడినప్పుడు మైకే లేదు. పెద్ద కొమ్ముబూర ముఖమున పాడవలెను. ఆమె ప్రతి పాట తుదను తన పేరు తానే చెప్పెడిది. రికార్డు దూరదేశమున తయారగునప్పుడు ఎవరిదో తెలియుటకట. మీరును ఆపు మీట నొక్కుటకు ముందు, వారి పేరు, పుట్టిన ఊరు, ఆ పాట ఎవరివద్ద నేర్చినదియు వారి గొంతుతోనే చెప్పించుడు. ఆ ప్రతిని ఒక్క ఫోనులోనే ఉంచక, మఱి రెండుచోట్ల దాచుడు.

వచ్చు మాసము, తీసిన వీడియోలను కత్తిరించి కూర్చు విధమును వ్రాయుదుము.